గోటిపెన్సిలూ వెనక తేదీ

ఆర్.కె.పురం, న్యూఢిల్లీ
6 జనవరి 2025

విషయం: రహస్యంగా రాయు పరికరము – ఎంపిక, వినియోగముల గురించి.
సూచిక: తెలుగు సంఘం డైరీ 46వ పేజీలో మీ ప్రకటన.

శ్రీయుత రాధాకృష్ణమూర్తి గారికి,

అయ్యా,

పై విషయమున తమకు తెలియజేయునది ఏమనగా, ఎదుటివారి కంట పడకుండా, కేవలం బొటనవేలితో కాగితం మీద రాయగల పరికరాలు తమ వద్ద తయారగునని పై ప్రకటన ద్వారా తెలిసినది. అవి ఎన్ని రకాలు, ఏది మేలు, ఎలా వాడవలెను అను వివరాలు తెలుపగోరుచున్నాను.

ఫోన్ చేద్దామంటే మీరు నంబరు ఇవ్వలేదు. స్వయంగా వద్దామంటే “ఎవరూ రావద్దు, ఉత్తరాల ద్వారా మాత్రమే” అని వేశారు. బేర్ సరాయ్ మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు. అయినా రూలు రూలే కనుక రాస్తున్నాను.

పని ఫిబ్రవరి 28 సాయంత్రం లోపల జరిగిపోవాలి. ఆ తర్వాత నాకు ఆ కుర్చీ ఉండదు. విషయం మీకూ నాకూ మధ్యనే ఉండవలెను.

భవదీయుడు,
భీమేశ్వరరావు
సెక్షన్ ఆఫీసర్, కేంద్ర ప్రభుత్వం

తా.క.: నీలం సిరాతో రాసేది దొరుకుతుందా? మా దగ్గర పెన్సిలుతో రాసినది చెల్లదు.

*

బేర్ సరాయ్
9 జనవరి

సెక్షన్ ఆఫీసరు గారికి రాధాకృష్ణమూర్తి నమస్కారం పెట్టి రాసేది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి తలుపు గడియ వేసుకుని చదివాను. అయ్యా, నాకు డెబ్భై రెండేళ్ళు. ఈ వయసులో జైలు భోజనం నాకు పడదు.

నా గది చుట్టూ సివిల్సుకు చదివే పిల్లలే. నెలకు ఇద్దరైనా మెట్లెక్కి వచ్చి, “అంకుల్, మీ నెయిల్ రైటర్ ఎగ్జామ్ హాల్లో పనికొస్తుందా?” అని అడుగుతారు. ముందు గోళ్ళు కత్తిరించుకుని రమ్మని పంపేస్తాను. ఎవరూ రావద్దని ప్రకటనలో వేసింది అందుకే. ఫోన్లో ఎందుకు చెప్పనంటే, పొద్దున ఫోన్లో చెప్పిన రహస్యం సాయంత్రానికి వాట్సాప్‌లో తిరుగుతుంది.

వాళ్ళంటే కుర్రాళ్ళు. మీరు కుర్చీ దిగే లోపల ఎవరి ఫైలు మీదో, ఎవరికీ తెలియకుండా, నీలం సిరాతో, చెల్లేలా రాయాలంటున్నారు! నేను నలభై ఏళ్ళు స్టేజీ మీద ఎదుటివాళ్ళ మనసులు చదివి బతికాను. మీ మనసు చదవడానికి అంత విద్య అక్కర్లేదు.

నా దగ్గర మీకిచ్చే సరుకేమీ లేదు.

ఇట్లు,
రాధాకృష్ణమూర్తి

తా.క.: నీలం సిరాది లేదు. ఉన్నా ఇవ్వను.

*

ఆర్.కె.పురం
11 జనవరి

శ్రీ మూర్తి గారికి నమస్కారములు.

మీ ఉత్తరం చదివి నాకు అన్నం సహించలేదు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నా మీద ఒక్క మెమో లేదు. మా ఆవిడ అన్నపూర్ణేశ్వరికి చూపిస్తే పడీపడీ నవ్వింది. “మీరు ఉత్తరం రాస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. పెళ్ళికి ముందు నాకు రాసిన మొదటి ఉత్తరానికి కూడా విషయం, సూచిక పెట్టారు” అంది.

కనుక మామూలుగా చెబుతాను. ఫిబ్రవరి 28న నా రిటైర్మెంటు. నాలుగో అంతస్తు కాన్ఫరెన్స్ హాల్లో వీడ్కోలు సభ. మా దగ్గర ఆ సభలన్నీ ఒకటే. సమోసా, పూలదండ, సూట్‌కేసు. తర్వాత నలుగురు లేచి, “సీధే సాదే ఆద్మీ హై”, సాదాసీదా మనిషి, అంటారు. నా గురించీ అదే అంటారు. తప్పేమీ లేదు, నిజమే. కానీ మూర్తి గారూ, ఇన్నేళ్ళలో నన్ను చూసి ఒక్కరు, ఒక్కసారి, “అరే!” అని ఆశ్చర్యపోలేదు. నేను సెలవు పెట్టినా ఎవరికీ తెలిసేది కాదు. వెళ్ళే రోజున ఒక్కసారి ఆ మాట అనిపించుకోవాలని ఉంది. మా జాయింట్ సెక్రటరీ ఇంద్రజ మేడమ్ మనసులో అనుకున్న అంకె, వారం ముందే కవరులో పెట్టి సీలు వేసినట్టు చూపించాలి. ఫైళ్ళ మీద రాసే ఉద్దేశం లేదు. దీని వెనక ఉన్న హామీ పత్రం మూడు కాపీలు, బొటనవేలి ముద్రతో సహా, పక్క క్వార్టరు గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించి పంపుతున్నాను. నేనూ గెజిటెడే గానీ నా వేలికి నేనే సాక్షి సంతకం చేయకూడదు.

భవదీయుడు,
భీమేశ్వరరావు

తా.క.: ఒక కాపీ మీద రసీదు సంతకం చేసి తిప్పి పంపగలరు.

*

బేర్ సరాయ్
15 జనవరి

భీమేశ్వరరావు గారికి,

“అరే” అనే మాట కోసమే నేనూ నలభై ఏళ్ళు ఊళ్ళు తిరిగాను. ఆ ఒక్క మాట దగ్గర నా కోపం పోయింది. మీ హామీ పత్రం నాకేమీ పనికిరాలేదు గానీ, కింద వేసిన వేలిముద్ర బాగా పనికొచ్చింది. కొలత దొరికింది.

ఇక వినండి. ఇవి మూడు రకాలు. గోటి కింద దూర్చుకునేది ఒకటి, వేలి మెత్తదనం మీద అంటించుకునేది ఒకటి, వేలంతా తొడుక్కునే తొడుగు ఒకటి. అన్నిటికీ కొసన బియ్యపు గింజంత పెన్సిలు ముల్లు ఉంటుంది. అంటించుకునేది మీకు పనికిరాదు. ఫైళ్ళు తిప్పడానికి స్పాంజి మీద వేలు తడిపే వారికి జిగురు అరగంట కూడా నిలవదు. తొడుగు వేసుకుంటే మీ సన్నటి వేలు వాచినట్టు కనిపిస్తుంది. మీకు గోటి కింద పెట్టేదే మేలు. దాన్ని నేను గోటిపెన్సిలు అంటాను. ఈ పార్శిల్లో ఉంది. నెల రోజులు ఆ గోరు ఒక్కటీ కత్తిరించకండి.

కార్డు మీద “మేడమ్ అనుకునే అంకె” అని అదే రంగు పెన్సిలుతో ముందే రాసి, అంకె చోటు ఖాళీగా వదిలి, కవరులో పెట్టి సీలు వేసి మేడమ్‌కే ఇవ్వండి. సభలో ఆవిడ అంకె పైకి చెప్పాక, కవరు అడిగి తీసుకుని మీరే చించి, కార్డు తీస్తూ ఆ ఖాళీలో బొటనవేలితో అంకె గీకేయాలి. అరనిమిషం పని. తర్వాత కార్డు ఆవిడకే ఇచ్చి చదివించండి. నీలం సిరా మాట మరిచిపోండి.

అలవాటయ్యే దాకా రోజంతా వేలికి పెట్టుకునే తిరగండి.

మీ,
మూర్తి

తా.క.: రాసేటప్పుడు వేలి వైపు చస్తే చూడకూడదు. జనం తలల మీదుగా ఎదుటి గోడ వైపు చూస్తూ చిరునవ్వు నవ్వండి.

*

ఆర్.కె.పురం
27 జనవరి

మూర్తి గారికి నమస్కారములు. అభ్యాసం పురోగతి నివేదిక ఇది.

మీరు చెప్పినట్టు రోజంతా పెట్టుకునే ఉంటున్నాను. మొదటి రోజు పెరుగన్నంలో గీతలు పడ్డాయి. రెండో రోజు మెట్రోలో నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి తెల్ల చొక్కా వీపు మీద ఏదో లెక్క చేసినట్టయింది. ఆయన రాజీవ్ చౌక్‌లో దిగిపోయాడు గనుక సరిపోయింది. మూడో రోజు ఆఫీసులో ఫైలు తిప్పుతుంటే నాకు తెలియకుండా ఒక పేరా పక్కన టిక్కు పడింది. అది ఆరేళ్ళుగా కదలని వాటర్ కూలర్ ఫైలు. నా టిక్కు చూసి కింది వాళ్ళు అంగీకారం అనుకుని పైకి పంపారు. పై వాళ్ళు నేను చూశానులే అని సంతకం చేశారు. మొన్న కూలర్ వచ్చేసింది. అందరూ చల్లటి నీళ్ళు తాగుతున్నారు, జనవరిలో.

అసలు సమస్య వేరే ఉంది. రోజూ మా ఆవిడ ముందు ఆట ఆడి చూస్తున్నాను. గోడ వైపే చూస్తున్నాను, నవ్వుతున్నాను. అంకె స్పష్టంగా పడుతోంది. అయినా ఆవిడ కార్డు చేతిలోకి తీసుకోగానే, “ఇప్పుడే రాశారు” అంటోంది. పదకొండు సార్లు ఆడితే పదకొండు సార్లూ పట్టేసింది. ఎలా పట్టావంటే చెప్పదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోతుంది. ఆవిడే ఇలా పట్టేస్తే నాలుగో అంతస్తు హాల్లో నలభై మంది ఊరుకుంటారా? నాకు భయంగా ఉంది.

భవదీయుడు,
భీమేశ్వరరావు

తా.క.: గోడ వైపు చూసి నవ్వుతున్నానని మా కింది క్వార్టరు ఆవిడ డాక్టరు అడ్రసు ఇచ్చి వెళ్ళింది.

*

బేర్ సరాయ్
30 జనవరి

భీమేశ్వరరావు గారూ,

పదకొండుకు పదకొండా! నా గోటిపెన్సిలుకు నలభై ఏళ్ళలో ఇంత అవమానం జరగలేదు. దీన్ని నమ్ముకుని పెద్దపెద్ద సభల్లో ఆడాను. ముందు వరసలో పోలీసు అధికారులు కూర్చున్నా ఒక్కరూ పట్టలేదు.

దాచకుండా చెప్పండి, మీ శ్రీమతి గారి పుట్టిల్లు ఎక్కడ? వాళ్ళ ఇంట్లో ఎవరైనా ఇంద్రజాలికులున్నారా? ఈ ఊళ్ళోనే నా మీద కన్నేసిన మేజిక్ ప్రొఫెసర్లు ఇద్దరున్నారు. నా ముల్లు రహస్యం కోసం వాళ్ళు చేయని ప్రయత్నం లేదు. ఆవిడ మామూలు గృహిణి అయితే పదకొండు సార్లు పట్టడం జరగని పని. తెలిసిన చెయ్యి ఏదో దీని వెనక ఉంది.

ఇప్పటి నుంచి నా ఉత్తరాలు ఆవిడకు చూపించకండి. చదివి చించేయండి.

మీ,
మూర్తి

తా.క.: ఆ పదకొండు కార్డులూ పంపండి. ముల్లు జాడ ఎక్కడైనా కనిపిస్తోందేమో భూతద్దం పెట్టి చూస్తాను.

*

ఆర్.కె.పురం
2 ఫిబ్రవరి

మూర్తి గారికి,

మా ఆవిడ పుట్టిల్లు అమలాపురం. మామగారు పోస్టుమాస్టరు, బావమరిది లెక్కల మాస్టరు. ఇంద్రజాలికులు ఎవరూ లేరు. మీ ఉత్తరం నేను చూపించలేదు గానీ ఆవిడే సొరుగులో చూసి, “నన్ను గూఢచారిని చేశాడా పెద్దాయన? ఆయనకు ఒక డబ్బా సున్నుండలు పంపండి, నోరు తీపవుతుంది” అంది. పంపుతున్నాను. చించమన్నారు గానీ వచ్చిన ఉత్తరం చించే అలవాటు నాకు లేదు. అన్నీ వరస నంబర్లు వేసి ఫైలు చేశాను.

పదకొండు కార్డులూ, వాటి జాబితా జతపరచడమైనది. నేను ఒక్కొక్కటీ లైటు కింద పెట్టి చూశాను. నాకు ఏ లోపమూ కనిపించలేదు. అంకె ఉంది, అంకె కింద మామూలుగా ఉండేవి ఉన్నాయి. అంతకు మించి ఏమీ లేదు.

ఇక ఇరవై ఆరు రోజులే. ఆట మానేసి నేనూ సమోసా తిని వచ్చేయనా? ఒక్కోసారి అలాగే అనిపిస్తోంది. చెప్పండి.

భవదీయుడు,
భీమేశ్వరరావు

తా.క.: సున్నుండల డబ్బా ఖాళీ అయ్యాక తిప్పి పంపాలట. ఆ మాట రాయమని నిలబడి మరీ రాయించింది.

*

బేర్ సరాయ్
5 ఫిబ్రవరి

అయ్యా భీమేశ్వరరావు గారూ!

భూతద్దం అక్కర్లేకపోయింది. కళ్ళజోడు కూడా అక్కర్లేకపోయింది. మీ మొదటి కార్డు ఇక్కడ ఉన్నదున్నట్టు దించుతున్నాను, చదువుకోండి:

“నువ్వు అనుకునే అంకె: 52. భీ.రా. 18/1, సా. 6.25.”

ఏమిటండీ ఇది? వారం క్రితం సీలు వేసిన జోస్యం మీద ఇవాళ్టి తేదీ! పైగా టైము! ఆ టైము మీకు ఎలా తెలిసిందా అని అరగంట తల పట్టుకున్నాను. మీ ఎదుటి గోడకు గడియారం ఉంది, అవునా? గోడ వైపు చూడమన్నది నేనే!

మీ శ్రీమతి గారికి నా క్షమాపణలు. ఆవిడ గూఢచారి కాదు, ఆవిడకు చదువు వచ్చు, అంతే. మీకు మాత్రం అది “మామూలుగా ఉండేది”. మూడు తరాల ఇంద్రజాలికులను చూశాను, గోటిపెన్సిలుతో రెండంకెలు రాయడానికే చెమటలు పట్టేవి వాళ్ళకు. మీరు వేలి వైపు చూడకుండా ఇనీషియలు, తేదీ, టైము రాసి, కింద గీత కూడా గీశారు. ఇంత చేతివాటం ఉన్న మనిషి ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళకు పోయాడే అని బాధ కూడా కలిగింది.

ఉపాయం చెబుతాను. చెయ్యి ఆగకపోతే ఆపకండి. సీలు వేసిన రోజు తేదీ వేయడం నేర్పండి. అంతా సరిపోతుంది.

మీ,
మూర్తి

తా.క.: సున్నుండలు అమోఘం. డబ్బా ఇంకా ఖాళీ కాలేదని చెప్పండి. అయింది, అయినా అలాగే చెప్పండి.

*

ఆర్.కె.పురం
21 ఫిబ్రవరి

మూర్తి గారికి,

పదిహేను రోజులు జవాబు రాయకపోవడానికి కారణం కోపం. వెనక తేదీ వేయమంటారా? నన్నా? జనాన్ని సరదాగా మాయ చేయడం ఒకటి, రాసిన రోజు కాని తేదీ వేయడం ఒకటి. మొదటిది కళ. రెండోది నేరం.

మీకు ఒక సంగతి తెలియదు. 2009లో మా డిప్యూటీ సెక్రటరీ ఒక ఫైలు మీద నాలుగు రోజుల వెనక తేదీ వేయమన్నారు. పై నుంచి ఒత్తిడి, ఆవిడ కంగారులో ఉన్నారు. వేయనన్నాను. మర్నాడే నన్ను రికార్డు రూముకు మార్చారు. రెండేళ్ళు దుమ్ములో తుమ్ముతూ కూర్చున్నాను. ఆ డిప్యూటీ సెక్రటరీయే ఇప్పటి జాయింట్ సెక్రటరీ ఇంద్రజ మేడమ్. ఆ సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అప్పటి నుంచి మా మధ్య “గుడ్ మార్నింగ్ మేడమ్” తప్ప మాట లేదు. ఆవిడ ముందే నేను వెనక తేదీ వేయనా?

కనుక అసలు తేదీయే వేయకుండా ఉండటం అభ్యాసం చేశాను. రెండు వందల కార్డులు పట్టింది. నిన్న సాయంత్రం ఒక కార్డు మీద వట్టి అంకె మాత్రమే పడింది. మా ఆవిడ చూసి, “ఎవరిదో కార్డులా ఉంది” అంది. ఇవాళ కవరు సీలు వేసి మేడమ్ చేతికి ఇచ్చాను. ఏమీ అడగకుండా అల్మారీలో పెట్టి తాళం వేశారు.

భవదీయుడు,
భీమేశ్వరరావు

తా.క.: తేదీ లేని కాగితం కనిపిస్తే నేను ఇప్పటికీ పెన్ను మూత తీస్తున్నాను.

*

బేర్ సరాయ్
24 ఫిబ్రవరి

భీమేశ్వరరావు గారికి,

తప్పయింది. వెనక తేదీ మాట వాపసు తీసుకుంటున్నాను. ఈ ఉత్తరాన్ని కూడా వరస నంబరు వేసి ఫైలు చేసుకోండి.

మీకు భయం వద్దు. స్టేజీ ఎక్కే ముందు నేను ఇప్పటికీ ముల్లు ఉందో లేదో మూడుసార్లు తడిమి చూసుకుంటాను. హాల్లో గడియారం ఉంటే దాని వైపు మాత్రం చూడకండి. శ్రీమతి గారిని ముందు వరసలో కూర్చోబెట్టి ఆవిడ వైపు చూడండి.

మీరు గెలిచి రావాలి. నిజంగా కోరుకుంటున్నాను.

మీ,
మూర్తి

తా.క.: ఒకవేళ చెయ్యి జారి తేదీ పడిందని అనుమానం వస్తే, కార్డు ఎవరికీ ఇవ్వకుండా నోట్లో వేసుకుని నమిలేయండి. ఇది కూడా ఆటలో భాగమే అన్నట్టు ముఖం పెట్టండి. నేను రెండుసార్లు తిన్నాను. అరుగుతుంది.

*

ఆర్.కె.పురం
3 మార్చి

మూర్తి గారికి, రిటైరైన భీమేశ్వరరావు నమస్కారములు.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నాలుగు గంటలకు సభ. సమోసా, దండ, సూట్‌కేసు అయ్యాయి. నలుగురు మాట్లాడారు. నలుగురూ “సీధే సాదే ఆద్మీ హై” అన్నారు. తర్వాత నేను లేచి, ఒక చిన్న ఆట అన్నాను. నేనేదో చదువుతానని అందరూ ఫోన్లు తీసుకున్నారు.

మేడమ్‌ను ఒక అంకె అనుకోమన్నాను. “సడ్‌సఠ్,” అరవై ఏడు, అన్నారు. కవరు తెప్పించి అందరికీ సీలు చూపించి నా చేతికిచ్చారు. చించాను. మా ఆవిడ వైపు చూద్దామంటే మొదటి వరసంతా డైరెక్టర్లు ఆక్రమించారు. ఆవిడ గోడ దగ్గర చివరి కుర్చీలో ఉంది. ఆవిడ తలకు సరిగ్గా పైన గడియారం ఉంది.

కార్డు మేడమ్ చేతికిచ్చాక నా వేలికి అనుమానం వచ్చింది. రెండంకెలకు నడవాల్సిన దూరం కన్నా ఎక్కువ నడిచినట్టుంది. నమిలేద్దామంటే కార్డు నా దగ్గర లేదు. మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని చూశారు. ఇన్నేళ్ళ పరువూ పోయిందనుకున్నాను. మా ఆవిడ కొంగు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

అప్పుడు మేడమ్ మైకు దగ్గరికి వచ్చి హిందీలో చెప్పారు. “ఈ కవరు వారం రోజులుగా నా అల్మారీలో, నా తాళం కింద ఉంది. భీమేశ్వరరావు జీ సడ్‌సఠ్ అని అంకె ఒక్కటే రాసి ఊరుకోలేదు. ఇవాళ్టి తేదీ రాశారు. నేను ఆ అంకె చెప్పే టైము కూడా రాశారు. చార్ చాలీస్!”

నలభై తలలు ఒక్కసారి గడియారం వైపు తిరిగాయి. నాలుగూ నలభై ఒకటి. మూర్తి గారూ, అప్పుడు హాలంతా అన్నారు ఆ మాట. “అరే!” అని. నా కళ్ళు చెమ్మగిల్లాయి, సిగ్గుపడను. మొదట చప్పట్లు కొట్టింది మా ఆవిడ, అంతా తెలిసి కూడా.

సభ అయ్యాక లిఫ్టు దగ్గర మేడమ్ నన్ను పక్కకు పిలిచారు. పదహారేళ్ళ తర్వాత తెలుగులో మాట్లాడారు.

“భీమేశ్వరరావు గారూ, మీరు మీ సంతకం కింద రాసిన రోజు తేదీ తప్ప వేయరని నాకంటే బాగా ఎవరికి తెలుసు? చూడగానే అర్థమైంది, ఆ అంకె ఎప్పుడు రాశారో.”

“మరి అందరికీ అలా ఎందుకు చెప్పారు మేడమ్?” అన్నాను.

“ఆ ఫైలు మీద తర్వాత ఎంక్వయిరీ వచ్చింది. మీరు ఆ రోజు నేను చెప్పినట్టు చేసి ఉంటే నా ఉద్యోగం అప్పుడే పోయేది. మిమ్మల్ని రికార్డు రూములో కూర్చోబెట్టాను, సారీ కూడా చెప్పలేకపోయాను.” లిఫ్టు వచ్చింది. ఎక్కుతూ నవ్వారు. “మీరు వేయనన్న వెనక తేదీ, ఇవాళ మీ కోసం నేను వేశాను లెండి.”

గోటిపెన్సిలు తిప్పి పంపడం లేదు. దయచేసి అడగవద్దు.

మీ,
భీమేశ్వరరావు
భీ.రా. 3/3, ఉ. 10.15

తా.క.: కొత్త డి.ఎ., అదే కరువు భత్యం, ఎప్పుడు ప్రకటిస్తారో జోస్యం చెప్పమని ఆఫీసు వాళ్ళు పొద్దుటి నుంచి ఫోన్లు. మా ఆవిడ తీసి, “ఆయన ఉత్తరాల ద్వారా మాత్రమే చెబుతారు” అంటోంది. రెండో డబ్బా సున్నుండలు పంపుతోంది. మొదటి డబ్బా ఖాళీ అయిందని ఆవిడకు ముందే తెలుసట. ఇక ఈ ఉత్తరంలో నా పేరు కింద పడ్డ తేదీ, టైము నేను వేసినవి కావు, చెయ్యి వేసింది. ఇకమీదట మాన్పించే ఉద్దేశం లేదు.